టార్చ్ రిపోర్టు చూసి కడుపులో బిడ్డకు తీర్పు చెప్పేస్తారా?

జ్వరం లేదు, ఒంటిమీద దద్దుర్లు లేవు, స్కాన్‌లో తేడా లేదు. అయినా నెల తప్పిందని వెళ్తే చాలు, చీటీలో టార్చ్ పరీక్ష రాసేస్తున్నారు. కడుపులో బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలో వైరస్, హెర్పిస్ లాంటివి తల్లికి సోకాయేమోనని చూసే రక్త పరీక్ష అది. రాస్తే రాశారు, రిపోర్టు చేతిలో పెట్టి అర్థం చెప్పకుండా పంపేస్తారే, దానికి నాకు ఒళ్లు మండుతోంది.

మా ఆడపడుచుకు మూడో నెలలో తిరుపతిలోనే చేశారు. సైటోమెగలో వైరస్ ఎదురుగా ఐజీఎం పాజిటివ్ అని లావు అక్షరాలు. "వదినా, బిడ్డకు బుర్ర ఎదగదంట కదా" అని ఒకటే ఏడుపు. మా అత్త ఒక పక్క అలిపిరి నుంచి నడిచొస్తామని మొక్కుకుంటూనే, ఇంకో పక్క తీయించేయాలంటే ఎక్కడికి పోవాలని ఫోన్లో వాకబు!

అసలు ఆ పరీక్ష చూసింది తల్లి రక్తం. ఐజీఎం అంటే కొత్తగా సోకినప్పుడు ఒంట్లో ముందుగా తయారయ్యే యాంటీబాడీ. అది కొందరిలో నెలల తరబడి ఉండిపోతుంది, ఒక్కోసారి వేరే వైరస్ వల్ల కూడా పాజిటివ్ చూపిస్తుంది. సోకాక ఏళ్ల తరబడి మిగిలే యాంటీబాడీ ఐజీజీ అంటారా, మన దేశంలో చాలామందికి ఈ వైరస్ చిన్నప్పుడే వచ్చిపోయి ఉంటుంది కాబట్టి అదీ పాజిటివే. అందుకే ఆ ఐజీజీ వైరస్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటోందో చూసే ఐజీజీ ఎవిడిటీ అని ఇంకో పరీక్ష ఉంది. మొదటి మూడు నెలల్లో అది ఎక్కువుంటే, ఇన్ఫెక్షన్ గర్భానికి ముందుదేనని ధైర్యం. తక్కువుంటే ఈమధ్యే సోకి ఉండొచ్చు. తల్లికి తొలిసారి గర్భంలోనే సోకినా, బిడ్డకు చేరేది నూటికి 30, 40 మందిలోనే.

చేరిందో లేదో తేల్చాలంటే ఉమ్మనీరు తీసి, అందులో వైరస్ జన్యుపదార్థం ఉందేమో వెతికే పీసీఆర్ పరీక్ష చేయాలి. దానికీ తొందర పనికిరాదు. వైరస్ బిడ్డ కిడ్నీల్లో పెరిగి, మూత్రంతో పాటు ఉమ్మనీటిలోకి రావాలి కదా! తల్లికి సోకి 6 నుంచి 8 వారాలు గడవాలి, గర్భానికి 20, 21 వారాలు దాటాలి. ముందే సూది వేస్తే నెగటివ్ వచ్చినా నమ్మలేం. పాజిటివ్ వచ్చిందనుకోండి, మెదడులో కాల్షియం మచ్చలు, నీటి గదులు పెద్దవవడం లాంటివి ఉన్నాయేమోనని స్కాన్‌లో చూస్తూ పోవాలి. సోకిన పిల్లల్లో ఎక్కువమంది పుట్టినప్పుడు మామూలుగానే ఉంటారు. వినికిడి మాత్రం కొన్నేళ్లు చూపిస్తూ ఉండాలి.

ఇదంతా మాకు వేలూరు పోయాక ఒక డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఎవిడిటీ ఎక్కువే వచ్చింది. ఇక్కడ టోకెన్ ఇచ్చి పూటంతా కూర్చోబెట్టినవాళ్లకు ఆ పది నిమిషాలు దొరకలేదు పాపం.

మీ చీటీలో టార్చ్ కనబడితే, "ఎందుకు రాశారు మేడమ్, పాజిటివ్ వస్తే తర్వాత ఏం చేస్తారు?" అని అడగండి. ల్యాబ్‌లో డబ్బులు కట్టకముందే అడగండి.