మా ఇంటి జ్ఞాపకశక్తి విస్తరణ పథకం

మా ఇంట్లో కంప్యూటరు నెమ్మదించిన సంగతి మొదట కనిపెట్టింది మా ఆవిడ. ఒక ఫైలు మీద మౌస్ నొక్కి, లేచి వెళ్ళి, బట్టలన్నీ ఆరేసి తిరిగొచ్చినా తెర మీద ఆ గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉందట. "దీనికి వయసైపోయిందండీ" అంది. ఇంటి పెద్దగా నేను ఆ మాట ఒప్పుకోలేదు. వయసుకు మందు లేదు. మతిమరుపుకుంది, దాని పేరు ర్యామ్. కాబట్టి ఇది మతిమరుపేనని అక్కడికక్కడే తీర్మానించాను.

ఇంత పెద్ద పనికి ముందు ఒక సంఘం వెయ్యడం పద్ధతి. వేశాను. అధ్యక్షుణ్ణి నేనే. సభ్యులు మా ఆవిడ, మా అబ్బాయి, ఫోన్లో మా బావమరిది. మెమరీ చాలడం లేదన్న మాట చెవిన పడగానే మా ఆవిడ పాత ఫొటోలు డిలీట్ చెయ్యడం మొదలుపెట్టింది. ఆపండాపండని అరిచి, అధ్యక్షుడి హోదాలో వివరించాను. ఫొటోలు ఉండేది హార్డ్ డిస్కులో, అది బీరువా. ర్యామ్ అంటే పని చేసుకునే బల్ల. బీరువా ఖాళీ చేసినంత మాత్రాన బల్ల పెద్దదవదు. ఆవిడ శ్రద్ధగా విని, "సరే, మరి బల్ల మీద ఏం పరిచారు మీరు?" అని అడిగింది. ఆ ప్రశ్న సంఘం పరిధిలోకి రాదని తోసిపుచ్చాను.

మా అబ్బాయి మాత్రం పరిధి తెలియని మనిషి. ఏ ప్రోగ్రాము ఎంత మెమరీ తింటోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచాడు. 8 జీబీలో 7.4 నిండి ఉంది. అందులో సింహభాగం బ్రౌజరుది. బ్రౌజర్లో 63 ట్యాబులు. పాత బ్రౌజర్లలో ట్యాబులన్నీ ఉమ్మడి కుటుంబంలా ఒకే ప్రాసెస్‌లో, అంటే నడుస్తున్న ఒకే ప్రోగ్రాములో, సర్దుకుని బతికేవి, ఒకటి పడిపోతే అన్నీ పడిపోయేవి. 2008లో క్రోమ్ వచ్చి వాటిని చాలావరకు వేరుకాపురాలు పెట్టించింది. ఒకరి గొడవ ఇంకొకరికి అంటదు, నిజమే. కానీ ఎవరి పొయ్యి వాళ్ళదే, ఎవరి గిన్నెలు వాళ్ళవే. నా దగ్గర అలాంటి 63 సంసారాలు నడుస్తున్నాయన్నమాట.

"మూసెయ్యనా నాన్నా?" అన్నాడు.

"చదవాల్సినవిరా అవి."

"ఇది పోయిన ఎండాకాలం నుంచీ ఉంది. పిడి విరిగిన గొడుగు బాగుచెయ్యడం ఎలా అని."

"వానాకాలం మళ్ళీ రాదా?"

ఇక్కడ పొదుపువాదులు లేచి, 1969లో చంద్రుడి మీద దిగిన అపోలో నౌకలోని కంప్యూటరుకు రాసి చెరుపుకునే మెమరీ 2048 పదాలే, అంటే సుమారు 4 కిలోబైట్లేనని, నీకు 8 జీబీలు చాలలేదా అని నిలదీస్తారు. ఎదురుచూసిన ప్రశ్నే. వాళ్ళకీ చాలలేదు. దిగుతున్న ఆఖరి నిమిషాల్లో ఆ కంప్యూటరు 1202 అని అలారం మోగించింది. కొత్త పనికి ఇవ్వడానికి మెమరీలో చోటు లేదని దాని అర్థం. అయితే అది అంతగా ముఖ్యం కాని పనులను తనంతట తానే పక్కన పడేసి, దిగే పని దిగింది. నా కంప్యూటరుకు ఆ సంస్కారం లేదు. గొడుగు ట్యాబు ముఖ్యం కాదని నా మొహం మీద చెప్పే ధైర్యం దానికేది?

పైగా ఈ ఆకలి నా ఒక్కడి వల్ల పుట్టింది కాదు. విండోస్ 95 కనీసం 4 ఎంబీ మెమరీ అడిగింది. 2021లో వచ్చిన విండోస్ 11 కనీసం 4 జీబీ అడిగింది. ఇరవయ్యారేళ్ళలో వెయ్యి రెట్లు. అప్పుడు నేను రెండు వేళ్ళతో ఉత్తరం టైపు చేసేవాణ్ణి. ఇప్పుడూ రెండు వేళ్ళతోనే చేస్తున్నాను. నడుమ పెరిగిన ఆ వెయ్యి రెట్లు ఎక్కడికి పోయాయని అడిగే హక్కు నాకుందేమో గానీ, అడిగితే మళ్ళీ ట్యాబుల దగ్గరికే వస్తారని ఊరుకున్నాను.

బావమరిది ఇంకో దారి చూపించాడు. డబ్బు తగలెయ్యక్కర్లేదట, ర్యామ్ పెంచే సాఫ్ట్‌వేర్ ఒకటి వేస్తే చాలట. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1995లో సాఫ్ట్‌ర్యామ్ 95 అనే సాఫ్ట్‌వేర్ మెమరీని రెట్టింపు చేస్తానని చెప్పుకుని తెగ అమ్ముడుపోయింది. నిపుణులు విప్పి చూస్తే విండోస్ 95లో అది చేస్తున్నది ఏమీ లేదు. వ్యవహారం అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాకా వెళ్ళింది. నేనైతే ఆ సాఫ్ట్‌వేర్ మీద మరీ కోపం పెట్టుకోను. ఏమీ చెయ్యకపోయినా, కనీసం కొత్తగా ఏ చోటూ అడగలేదు కదా.

కొనుగోలు దశలో కొంచెం తొట్రుపాటు జరిగింది. ర్యామ్‌లో డీడీఆర్, డీడీఆర్2 అంటూ తరాలుంటాయి. మా మదర్‌బోర్డు, అంటే లోపల అన్నీ గుచ్చే పెద్ద పలక, నాలుగో తరం డీడీఆర్4ది. అమ్మినాయన "కొత్తది వేసుకోండి సార్, ఫాస్టుగా ఉంటుంది" అని డీడీఆర్5 చేతిలో పెట్టాడు. చూడ్డానికి రెండూ ఒక తల్లి బిడ్డలే. రెండింటికీ 288 పిన్నులే. కానీ అడుగున ఉండే చిన్న గాడి ఒకదానికి ఒకచోట, రెండోదానికి కాస్త పక్కన. ఆ గాడి పెట్టిన మహానుభావుడెవరో నాలాంటివాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసి ఉంటాడు. ఎంత నొక్కినా దిగదు. దిగకపోవడమే దాని పని. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం అన్నారు. దాన్ని భావితరాల కోసం బల్ల సొరుగులో భద్రపరిచాను. ఆ సొరుగులో ఇదివరకే ఒక 256 ఎంబీ డీడీఆర్, ఒక డీడీఆర్2, రెండు డీడీఆర్3 ఉన్నాయి. గత పథకాల తాలూకు చారిత్రక అవశేషాలు.

రెండోసారి కొనేలోగా ధరలు ఎగిరి కూర్చున్నాయి. 2025 చివరినాటికి పరిస్థితి అలా ఉంది మరి. ప్రపంచంలో మెమరీ చిప్పులు చేసే పెద్దవాళ్ళు ప్రధానంగా ముగ్గురే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ డేటా సెంటర్లు తెమ్మన్నంత తెచ్చివ్వడానికే వీళ్ళకు చేతులు చాలడం లేదు. ఆ డిసెంబరులో మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటి ఇళ్ళవాళ్ళకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. న్యాయమే. మన బదులు ఆలోచించే యంత్రాలు వచ్చాక, జ్ఞాపకశక్తి కూడా వాటి దగ్గరే ఉండాలి. మన దగ్గరుంటే గొడుగులు గుర్తుపెట్టుకోవడానికి తప్ప ఎందుకు పనికొస్తుంది?

ఎలాగో ఎనిమిదేసి జీబీలవి రెండు డీడీఆర్4 ముక్కలు తెచ్చాను. పాతకొత్తలు కలిపితే పొసగకపోవచ్చని బావమరిది హెచ్చరించాడు కాబట్టి, నాలుగేసి జీబీల పాతవి రెండూ తీసెయ్యాలని నిర్ణయం. ప్లగ్గు పీకాం. ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటు చిప్పుల ప్రాణం తీస్తుందని విని, క్యాబినెట్ ఇనుప గోడను పట్టుకుని నిలబడ్డాను. లోపల ఫ్యాను రెక్కల మీద దుమ్ము బూడిదరంగు దూదిలా పేరుకుని ఉంది. స్లాటు చివరల క్లిప్పులు వెనక్కి వంచి, గాడి చూసుకుని, ముక్కను నిలబెట్టి నొక్కాను. దిగలేదు. ఇంకాస్త నొక్కాను. మదర్‌బోర్డు మంచంలా కిందికి వంగింది. నా ఊపిరి ఆగింది. "గట్టిగా నొక్కు నాన్నా, ఏం కాదు" అన్నాడు మా వాడు, డబ్బు పెట్టనివాడి నిబ్బరంతో. ఒకవైపు టక్ మంది. రెండోవైపు క్లిప్పు మాత్రం సగంలో ఆగి నన్నే చూస్తోంది. కళ్ళు మూసుకుని బొటనవేలు దించాను. టక్.

స్విచ్ వేశాం. ఫ్యాను తిరిగింది. లైటు వెలిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. ఆ తర్వాత లోపల్నుంచి పొడుగ్గా బీప్, మళ్ళీ పొడుగ్గా బీప్. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడంలో ఆవిడకున్న నైపుణ్యం తెలిసినవాణ్ణి కాబట్టి టెన్షన్ ఇంకా పెరిగింది. బావమరిదికి ఫోన్ కొట్టాను.

"ఏం లేదు బావగారూ, తీసి ఆ బంగారు గీతల మీద రబ్బరుతో రుద్దండి."

"ఏ రబ్బరు?"

"పెన్సిలు రాత చెరుపుకునేదే."

జ్ఞాపకశక్తిని బాగుచెయ్యడానికి మనిషి చివరికి చేరుకున్న సాధనం చెరిపే రబ్బరు. రుద్దాను, తుడిచాను, మళ్ళీ పెట్టాను. తెర వెలిగింది.

ఈ ర్యామ్ సంగతి ఒకటి చెప్పాలి. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ ఒక బిట్‌కు, అంటే ఒక సున్నాకో ఒకటికో, ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు చాలునని కనిపెట్టి 1968లో పేటెంట్ పొందాడు. ఇప్పటికీ అదే పద్ధతి. తంటా ఏమిటంటే, ఆ బుల్లి కెపాసిటర్లో నింపిన చార్జి కారిపోతూ ఉంటుంది. అందుకని సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లకోసారి దాంట్లో ఉన్నది చదివి, మళ్ళీ అదే రాయాలి. అంటే సెకనుకు పదిహేనుసార్లు "నేనేం చెప్పాను?" అని అడుగుతూ ఉండాలన్నమాట. మా అబ్బాయి విషయంలో మా ఆవిడ అనుసరించే పద్ధతి ఇదేనని ఇన్నాళ్ళూ తెలియక ఆవిడను తప్పుపట్టాను.

ఫలితాలు కూడా నమోదు చెయ్యాలి. 16 జీబీలు పెట్టిన పావుగంటకి 9 నిండాయి, నేను ఏమీ తెరవకముందే. ఖాళీగా పడున్న ర్యామ్ దండగ కాబట్టి విండోస్ కొంత తన కాష్‌కు, అంటే మళ్ళీ కావాల్సినవి చేతికందేలా పెట్టుకోవడానికి, వాడుకుంటుందని మా వాడు సర్దిచెప్పాడు. వారం తర్వాత వాడే ఇంకో రెండు విషయాలు బయటపెట్టాడు. ముక్కలు రెండూ పక్కపక్కనుంటే మాట్లాడుకోవడం తేలికని నేను మొదటి రెండు స్లాట్లలో గుచ్చాను. మా బోర్డులో రెండో స్లాటూ నాలుగో స్లాటూ అయితేనే డ్యూయల్ చానల్‌లో, అంటే రెండూ ఒకేసారి పనిచేస్తూ, నడుస్తాయట. పెట్టె మీద 3200 అని ఉన్న వేగం బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల తెరలో, ఎక్స్ఎంపీ అనే పూర్తివేగపు సెట్టింగు ఆన్ చెయ్యనందువల్ల 2133 మీద ఈడుస్తోందట. రెండూ సరిచేశాడు. సరిచేసి, "అసలు పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్కు వేసుంటే సగం బాధ అప్పుడే తీరేది" అని ఒక భిన్నాభిప్రాయం కూడా ప్రకటించాడు. దాన్ని రెండో దశ కింద నమోదు చేశాం. ఫొటోలు రీసైకిల్ బిన్ నుంచి తిరిగొచ్చాయి. ట్యాబులు 91 అయ్యాయి, చోటుంది కదా.

మిగిలింది తీసేసిన ఆ రెండు పాత ముక్కల సంగతి. వాటిని సొరుగులో పెట్టబోతే సొరుగు మూసుకోలేదు. నెట్టి చూశాను, అడ్డం తిప్పి పెట్టి చూశాను. గట్టిగా నొక్కితే టక్ మంది గానీ, అది చెక్క చిట్లిన చప్పుడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"పారెయ్యొచ్చుగా?"

"పనికొస్తాయి."

"మరి సొరుగు?"

సంఘాన్ని మళ్ళీ పిలిచాను. రేపు సాయంత్రం సమావేశం. పెద్ద సొరుగులున్న బల్లలు కొన్ని ఇప్పటికే ట్యాబుల్లో తెరిచి పెట్టాను.