ఇంకా చిన్న విమానమేనా?

నిన్న రాజమండ్రిలో మా పిన్ని కొడుకు గృహప్రవేశం. నేను కో-పైలట్‌ని. ముందురోజు రాత్రి పదకొండున్నరకి డ్యూటీ దిగి, మూడు గంటలు పడుకుని, పొద్దున్న మొదటి ఫ్లైట్ పట్టుకుని వెళ్లాను. పట్టుచీర కూడా కట్టాను. పంక్తిలో కూర్చున్నాను, ఆకులో పులిహోర పడింది, ఇంకా వేలు పెట్టలేదు. ఎదురు వరసలోంచి మా పెదనాన్న గొంతు, హాలంతా వినపడేలా: "ఏమే అమ్మడూ, ఇంకా చిన్న విమానమేనా?"

నలభై తలకాయలు నావైపు తిరిగాయి. ఆయన ఆగితేగా! "మా వియ్యంకుడి తమ్ముడి కొడుకుని చూడు. ఉద్యోగంలో చేరాడో లేదో డైరెక్టుగా పెద్దది ఇచ్చారు. బోయింగు!" ఆ బోయింగు అన్నప్పుడు ఆయన మొహంలో వెలుగు చూడాలి, తిరుపతిలో మహాద్వారం దర్శనం దొరికినట్టు. 737 కూడా బోయింగే పెదనాన్నా, అదీ నేను నడిపే ఎయిర్‌బస్ ఏ320 సైజే ఉంటుంది అని చెబుదామనుకున్నా. అప్పటికే ఆయన గుత్తివంకాయ దగ్గరికి వెళ్లిపోయారు.

ఇంతకీ ఈ పెద్ద విమానం గోల ఏంటి? సీట్ల మధ్య రెండు నడవలుంటే వైడ్ బాడీ, ఒకటే ఉంటే నాది. టేకాఫ్ అప్పుడు ఏ320 మహా అయితే 79 టన్నులు తూగుతుంది, బోయింగు వాళ్ల పెద్ద విమానం 777-300ఈఆర్ 351 టన్నులు. ఒప్పుకున్నా, నాలుగున్నర రెట్లు. ఆ లెక్కన క్రేన్ ఆపరేటర్ ఎదురొస్తే కారు డ్రైవర్లందరూ చెప్పులు విప్పి నిలబడాలి.

మొన్నటి నా డ్యూటీ: హైదరాబాద్ నుంచి వైజాగ్, వెనక్కి హైదరాబాద్, అక్కణ్ణుంచి గన్నవరం, మళ్లీ హైదరాబాద్. నాలుగు ల్యాండింగులు, కెప్టెన్‌గారివి రెండు, నావి రెండు. అదే ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే విమానం తీసుకోండి. పదిహేను, పదహారు గంటల ప్రయాణం, లోపల నలుగురు పైలట్లు, చివర్లో ల్యాండింగ్ ఒక్కటి. నలుగురి మధ్య ఒక్క లడ్డూ. అందులో నిన్నగాక మొన్న చేరిన పిల్లాడికి ఎంత ముక్క దక్కుతుందో మీరే చెప్పండి. తొంభై రోజుల్లో మూడు టేకాఫులు, మూడు ల్యాండింగులు ఉండాలని రూలు. నాకు అవి రెండు రోజుల్లో అయిపోతాయి. లాంగ్ హాల్ వాళ్లు, అంటే దూరాలు తిరిగేవాళ్లు, ఆ మూడింటి కోసం సిమ్యులేటర్ (విమానం ముందు భాగంలాగే ఉండే ట్రైనింగ్ యంత్రం) స్లాటు వెతుక్కోవాల్సి వస్తుంది.

పల్లెవెలుగు బస్సు డ్రైవర్ని చూడండి. ఊరికో స్టాపు, సందుకో గేదె, మలుపుకో ఇసుక లారీ. రాత్రంతా హైవే మీద ఏసీ బస్సు తోలేవాణ్ణి తీసుకొచ్చి ఆ సీట్లో కూర్చోబెట్టండి, మొదటి సందులోనే తెలుస్తుంది.

నేనేదో పుట్టుకతోనే మెత్తగా దింపేదాన్నని చెప్పట్లేదు. లైన్ ట్రైనింగ్‌లో, అంటే ప్రయాణికులున్న విమానంలోనే నేర్చుకుంటూ ఉండగా, గన్నవరంలో ఒక ల్యాండింగ్ చేశాను. పక్కగాలి. యాభై అడుగులు, నలభై, ముప్పై అని విమానమే లెక్క చెబుతుంది. ఆ ముప్పై దగ్గర ముక్కు కాస్త ఎత్తాలి. నేను ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదంటే, గాలికి కొట్టుకుపోతానేమోనని రన్‌వే మధ్యగీతనే గుడ్లప్పగించి చూస్తున్నా. దబ్బున పడ్డాం. వెనక క్యాబిన్‌లో ట్రేలన్నీ గలగలమన్నాయి. కెప్టెన్‌గారు ఒక్క మాట అనలేదు, అదే ఇంకా నరకం. దిగేటప్పుడు "తలుపు దగ్గరికెళ్లి నిలబడు, అందరికీ నమస్కారం పెట్టు" అన్నారు. కర్రపట్టుకున్న ఒక మామ్మగారు నా దగ్గర ఆగి, "ఏమ్మా, గోతిలో పడ్డామా? మున్సిపాలిటీ వాళ్లకి చెప్పండమ్మా" అనేసి వెళ్లారు. ఆ రోజు నుంచి ముప్పై అడుగులు అని వినపడగానే నా చెయ్యి దానంతటదే కదులుతుంది. అయితే ఆ చెయ్యి మామ్మగారి ఒక్క మాటకే రాలేదు. మర్నాడు మళ్లీ రెండు ల్యాండింగులు, ఆ మర్నాడు ఇంకో రెండు, అలా వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో ఫ్లైట్‌లో దబ్బున వేస్తే సరిచేసుకునే ఛాన్సు మళ్లీ ఎప్పటికి? వచ్చే నెలకా?

అన్నట్టు ఆ బోయింగు అబ్బాయి బుద్ధిమంతుడే, వాడి మీద నాకేం కోపం లేదు. రాత్రి వాడే మెసేజ్ పెట్టాడు: "అక్కా, నేను సెకండ్ ఆఫీసర్ని. పైకి వెళ్లాక ఆటోపైలట్ మీద ఉన్నప్పుడే సీట్లో కూర్చుంటా. నిజం విమానాన్ని నా చేత్తో దింపింది ఫ్లయింగ్ స్కూల్లో, ఆ నాలుగు సీట్ల సెస్నాని." ఇదీ సంగతి. కెప్టెన్ పడుకుంటే ముప్పై అయిదు వేల అడుగుల మీద కాపలా. కాపలా చిన్న పనేం కాదు, కానీ వంకాయ కూరలో ముంచి నా నెత్తిన వడ్డించేంత ఘనకార్యం కూడా కాదు.

ఇప్పుడు కామెంట్లలో ఒకాయన వస్తాడు, నాకు తెలుసు. "మేడమ్, కొత్తవాళ్లని నేరుగా పెద్ద విమానం ఎక్కించడం ఆస్ట్రేలియా క్వాంటాస్ కూడా చేస్తుంది, హాంకాంగ్ కేథే పసిఫిక్ కూడా చేస్తుంది" అని. చేస్తారు సార్. వాళ్లు ఆ వెనక కుర్చీలో ఏళ్లు కూర్చోబెట్టి, సిమ్యులేటర్లో అంట్లు తోమినట్టు తోమిగానీ ముందుకి రానివ్వరు. అంత ఓపిక మన దగ్గరుందా? డ్రైవింగ్ లైసెన్సుకి ఎనిమిది వెయ్యకుండానే ఏజెంటుని పట్టుకునే జాతి మనది.

2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలోనే కొరియా కంపెనీ ఏషియానా వాళ్ల 777 రన్‌వేకి ముందున్న సముద్రపు గట్టుకి తోక కొట్టుకుని విరిగిపోయింది. ముగ్గురు పోయారు. ఎండ కాస్తున్న రోజు, పెద్ద గాలి లేదు, వాన లేదు. నడుపుతున్నాయనకి దాదాపు పదివేల గంటల అనుభవం, ఏ320 కెప్టెన్‌గా చేసి వచ్చినవాడు. 777 మీద మాత్రం యాభై గంటలు కూడా లేవు. వేగాన్ని ఇంజిన్లే చూసుకుంటున్నాయి అనుకున్నారు, అవి చూసుకోవట్లేదు. పదివేల గంటలాయనకే అలా అయితే, రెండొందల గంటలతో లైసెన్సు పట్టుకొచ్చిన పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడుతున్నట్టు? (ఏ320 అనుభవం ఉండీ పడేశాడుగా అని అడక్కండి. అడిగితే బ్లాకే.)

సరే, అసలు మాట. మా కంపెనీలో ఈ ఏడు కొందరు కొత్తవాళ్లని నేరుగా వైడ్ బాడీకి తీసుకున్నారు. నేను మూడేళ్లుగా అడుగుతున్నా. కారణం ఏమిటో తెలుసా? నన్ను అటు పంపితే నాకొక ట్రైనింగ్ ఖర్చు, నా కుర్చీలోకి వచ్చేవాడికి ఇంకో ట్రైనింగ్ ఖర్చు. కొత్తవాణ్ణి నేరుగా అటు తోస్తే ఒక్కటే. అంటే నాకు పని వచ్చు కాబట్టే నేను ఇక్కడ ఉండిపోవాలి. బాగా వంట చేసే కోడల్ని వంటింట్లోంచి కదలనివ్వనట్టు. కాబట్టి అసూయా అంటే, అవును, ఉంది. అసూయ ఉన్నంత మాత్రాన చెప్పేది అబద్ధం అయిపోదు.

ఈ జబ్బు కొత్తదేం కాదు. 2012లో డ్రీమ్‌లైనర్ (బోయింగు 787, అదీ వైడ్ బాడీయే) ట్రైనింగ్ ఎవరికివ్వాలని ఎయిర్ ఇండియా పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. ఎయిర్ ఇండియా, ఎక్కువగా దేశం లోపల తిరిగే ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి అప్పటికి అయిదేళ్లు. "మా పెద్ద విమానాల మీదికి ఆ ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్లు ఎలా వస్తారు" అనేదే గొడవ. అప్పుడు నేను ఇంటర్. టీవీలో ఆ స్క్రోలింగు చూస్తూ మా పెదనాన్న అన్న మాట నాకింకా గుర్తుంది: "డ్రైవర్లకి కూడా ఇంత పొగరా."

రెండేళ్లకి నేను డ్రైవరమ్మనే అవుతానన్నాను. ట్రైనింగ్ అప్పుకి ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టినా షూరిటీకి ఇంకో సంతకం కావాలన్నారు. నాన్న ఈయన దగ్గరికే వెళ్లారు, పొద్దున్నే, స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేయించుకుని. పెదనాన్న కాఫీ ఇచ్చారు. కళ్లజోడు కనపడట్లేదన్నారు. కాగితం అక్కడే పెట్టి వెళ్లు, చదివి చెబుతానన్నారు. కళ్లజోడు ఆయన జేబులోనే ఉంది. నాన్న అది చూశారు, చూడనట్టు కాఫీ తాగేసి వచ్చారు. చివరికి నాన్న ఆఫీసులో ప్యూన్‌గా చేసే ఆయన సంతకం పెట్టాడు. ఆ కాగితం ఇప్పటికీ మా అమ్మ బీరువాలో ఉంది. అప్పు తీరింది పోయినేడాదే. ఆ ప్యూన్ గారు ఎదురైతే ఇప్పటికీ, "మన విమానం ఎలా ఉందమ్మా?" అంటారు. మన విమానం! చిన్నదా పెద్దదా అని ఆయన ఒక్కరోజు అడగలేదు.

ఇది రాస్తుండగానే పెదనాన్న దగ్గర్నుంచి వాట్సాప్. గులాబీ పువ్వు, కింద మెసేజ్: "శుక్రవారం మీ కంపెనీ ఫ్లైట్‌లో ఢిల్లీ వెళ్తున్నాం. ఎమర్జెన్సీ తలుపు దగ్గర సీటు చూడమ్మా, మోకాళ్ల నొప్పులు."

ఆ సీట్లలో మోకాళ్ల నొప్పులవాళ్లని కూర్చోనివ్వరు, ప్రమాదమైతే ఆ తలుపు తీయాల్సింది వాళ్లే కాబట్టి. అదే రాశాను. రాసి, కింద ఇంకో లైను కూడా పెట్టాను: "అయినా చిన్న విమానం కదా పెదనాన్నా, ఎలా పడతారు మీరు?"

నీలం టిక్కులు పడ్డాయి. కళ్లజోడు దొరికినట్టుంది.