పాలు పొంగేచోట వయొలిన్లు

చెన్నైలో ఫ్లాటు కొనేటప్పుడు మనవాళ్లు అడగని ప్రశ్న ఉండదు. తూర్పు గుమ్మమేనా, బోరులో నీళ్లు ఎన్నడుగులకు పడ్డాయి, యూడీఎస్, అంటే స్థలంలో మన వాటా, ఎంత, 2015 డిసెంబరు వానలకు ఈ వీధిలో నీళ్లు మోకాలిదాకా వచ్చాయా, నడుందాకా వచ్చాయా. నేనడిగిన ప్రశ్న మాత్రం మా బిల్డరు అంతకుముందు విని ఉండడు. "హాల్లో సౌండ్ ఎలా తిరుగుతుందండీ?" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి ఫ్యాను వేసి చూపించాడు. చక్కగా తిరిగింది.

ఈ దేశంలో గృహనిర్మాణ రంగం ఎంత వెనకబడి ఉందో నాకు ఆ రోజే అర్థమైంది.

సినిమాలో కథానాయకుడు సొంతింటి గుమ్మంలో కాలు పెడితే నలభై వయొలిన్లు ఒక్కసారిగా లేస్తాయి. వెనకాల ఎక్కణ్ణుంచో వేణువు వస్తుంది. చూసేవాడికి గొంతు పట్టేస్తుంది. ఇరవై ఏళ్ల ఈఎంఐకి సంతకం పెట్టి నేను అదే గుమ్మంలో కాలు పెడితే వినపడిందల్లా, మూడో అంతస్తయితే కూలి వేరే అని కింద నుంచి లారీ మనిషి తమిళంలో అరవడం. ఆ క్షణాన నేను ఆనందించాలా, కన్నీళ్లు పెట్టుకోవాలా, చెప్పే నాథుడు లేడు. నేపథ్య సంగీతం లేకపోతే మనిషికి ఎప్పుడు ఏమనిపించాలో తెలియదు. మన కుటుంబాల్లో ఇన్ని గొడవలు అందుకే. కనీసం మా ఇంటి వరకైనా ఈ లోటు తీర్చాలని కంకణం కట్టుకున్నాను. మిగతా నలుగురూ అట్టపెట్టెలు విప్పుకుంటూ కూర్చోవడంతో భారమంతా నా ఒక్కడి మీదే పడింది.

మేం చేరింది సాలిగ్రామం. విల్లివాక్కంలో పదహారేళ్లు అద్దెకుండి ఇక్కడే ఎందుకు కొంటున్నామని మా ఆవిడ అడిగితే, వడపళని మెట్రో దగ్గర అని చెప్పాను. అసలు కారణం అది కాదు. ఈ చుట్టుపక్కల ఎటు నడిచినా పాత సినిమా కాలికి తగులుతుంది. అరుణాచలం రోడ్డులో ఎల్.వి. ప్రసాద్ గారి స్టూడియో. వడపళని వైపు వెళితే నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా వాహినీ. 1957 నాటి మాయాబజార్ తీసిన ఆ ఆవరణలో ఇప్పుడు ఒక ఆస్పత్రి, ఒక మాల్ ఉన్నాయి. మాల్‌లో ఫుడ్‌కోర్టు కూడా ఉంది. అప్పట్లో ఘటోత్కచుడికి లడ్డూలు వాటంతటవే నోట్లోకి వెళ్లేవి, ఇప్పుడు టోకెన్ తీసుకోవాలి. తెలుగు సినిమా మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వెళ్లిపోయినా కావలి నుంచి రైలెక్కి వచ్చిన మా నాన్న మాత్రం ఇక్కడే ఉండిపోయారు. ఆయన వచ్చింది సినిమా కోసం కాదు, ప్యారిస్ కార్నర్‌లో ఒక పప్పుల కొట్టులో లెక్కలు రాయడానికి.

ఈ సంగీతానికి మా ఇంట్లో మూడు పేర్లున్నాయి. నాన్న మద్రాసు పద్ధతిలో రీరికార్డింగ్ అంటారు. నేను నేపథ్య సంగీతం అంటాను. మావాడు బీజీఎం అంటాడు. మా ఆవిడ "ఆ గోల" అంటుంది.

ముహూర్తం దొరకడమే పెద్ద కథ. చెన్నైలో తెలుగువాడికి ఆషాఢం ఒకసారి, ఆడి ఒకసారి వస్తాయి. మనది చాంద్రమానం, తమిళులది సౌరమానం. మన ఆషాఢం పోయి శ్రావణం వచ్చి, ఇక పాలు పొంగించుకోవచ్చు అనుకునేసరికి వాళ్ల ఆడి ఇంకా నడుస్తూ ఉంటుంది. మనకు పట్టింపు లేకపోయినా అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఉంటుంది. మొత్తానికి రెండూ దాటించుకుని ఒక తెల్లవారుజామున నాలుగున్నరకు ముహూర్తం పెట్టించాం.

పాలు పొంగే ఘట్టానికి నేను వారం రోజులు తయారయ్యాను. పాత తెలుగు సినిమాలోని ఒక తునక ఎంచుకున్నాను. రెండు నిమిషాల నలభై సెకన్లు. మొదట వీణ ఒక్కటే, తర్వాత మెల్లగా తబలా, చివరి ఇరవై సెకన్లలో తీగవాద్యాలన్నీ గిన్నె అంచుదాకా వచ్చి పొర్లుతాయి. లెక్క ప్రకారం స్టవ్ వెలిగించాక రెండు నిమిషాల నలభై సెకన్లకు పాలు పొంగాలి. విల్లివాక్కంలో మూడుసార్లు ప్రయోగం చేశాను. అయితే ఆ ప్రయోగాలు స్టీలు గిన్నెలో జరిగాయి. ముహూర్తానికి అమ్మ కొత్త ఇత్తడి గిన్నె బయటికి తీసింది.

వీణ అయింది. తబలా అయింది. తీగవాద్యాలు పొర్లాయి. పాల మీద ఇంకా మీగడ కూడా కట్టలేదు. నేను ఫోన్‌లో మళ్లీ మొదటికి తిప్పాను. పురోహితుడు గారు మంత్రం ఆపి నా వంక చూశారు. రెండోసారీ అంతే. మూడోసారి తిప్పబోతుంటే "అయ్యా, తమరు మొదటికి వెళితే ముహూర్తం మొదటికి రాదు" అన్నారు. సరిగ్గా అప్పుడే, డబ్బు కట్టని యాప్ కదా, మధ్యలో ప్రకటన వచ్చింది. "సొంతింటి కల నెరవేర్చుకోవాలనుకుంటున్నారా? అతి తక్కువ వడ్డీకే..." అని ఒకావిడ తియ్యగా మొదలుపెట్టింది. పాలు పొంగాయి. మా గృహప్రవేశం వీడియోలో ఇప్పటికీ అందరూ చేతులు జోడించి నిలబడి ఉంటారు, వెనకాల హోమ్‌లోన్ వినపడుతూ ఉంటుంది. చూసిన బంధువులు ఏ బ్యాంకు అని అడుగుతున్నారు.

తర్వాతి సమస్య స్పీకర్లు ఎక్కడ పెట్టాలని. రెహమాన్ కోడంబాక్కంలో ఇంటి పెరట్లోనే స్టూడియో కట్టుకున్నారు. నేనడిగింది పెరడు కాదు. హాల్లో కిటికీ పక్కన మూడడుగులు. అక్కడ మా ఆవిడ బియ్యం డబ్బా పెట్టింది. డబ్బా జరిపి స్పీకరు పెట్టాను. నాన్న వచ్చి చూసి "ఒరేయ్, ఈశాన్యంలో బరువు పెట్టకూడదురా" అన్నారు. "ఇది బరువు కాదు నాన్నా, సబ్ వూఫర్" అన్నాను. "మూడంతస్తులు మోసింది వాడు కదా, బరువో కాదో వాణ్ణి అడుగు" అని మనవణ్ణి చూపించారు. వాడు నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వాస్తు మీద చర్చ అక్కడితో ముగిసింది.

పని జరుగుతున్నప్పుడు పనికి తగ్గ సంగీతం వెయ్యడం ఒక విద్య. ఇది తెలియనివాళ్లు నేను సోఫాలో కూర్చున్నానంటారు. సోఫా మీది ప్లాస్టిక్ కవరు అప్పటికింకా తియ్యలేదు. ఆ కవరు మీద నాలుగు గంటలు కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాడికే తెలుసు.

ఉదాహరణకు స్నానాల గది. షవర్ బిగించడానికి ప్లంబర్ వచ్చాడు. 1960లో సైకో సినిమాకు బెర్నార్డ్ హెర్మన్ తీగవాద్యాలు తప్ప ఇంకేమీ వాడలేదు. షవర్ కింద హత్య జరిగే దృశ్యానికి అసలు సంగీతమే వద్దని దర్శకుడు హిచ్‌కాక్ మొదట అనుకున్నారు. హెర్మన్ వినకుండా రాశారు కాబట్టే ఆ దృశ్యం అలా నిలిచిపోయింది. ఇంత చరిత్ర ఉండగా మా ఇంట్లో షవర్ నిశ్శబ్దంగా బిగిస్తే అది ఆయనకు అవమానం. వేశాను. వయొలిన్లు కీచుమనగానే ప్లంబర్ చేతిలోని రెంచి జారి కొత్త టైలు మీద పడింది. టైలు మీద ఈ చివర నుంచి ఆ చివరకు సన్నటి గీత. కళ అన్నాక కొంత ఖర్చు ఉంటుందని నేను చెప్పబోయాను గానీ మా ఆవిడ ముఖం చూసి సౌండ్ తగ్గించాను.

అమ్మ ఆవకాయ జాడీని ప్యాకర్ల చేతికి ఇవ్వలేదు. పాత దుప్పట్లో చుట్టి, విల్లివాక్కం నుంచి సాలిగ్రామం దాకా ఆటోలో ఒళ్లో పెట్టుకుని వచ్చింది. వంటింట్లో దింపి దుప్పటి విప్పుతుంటే, ఇక్కడ ఒంటరి షెహనాయి తప్ప మరేదీ నప్పదనిపించింది. అమ్మ చెయ్యి ఆపి, "ఎవరు పోయారురా?" అంది.

ఇక మా బాబాయి. కొత్త ఇల్లు చూడ్డానికి ఎవరింటికైనా వస్తారు, రాగానే వేళ్ల కణుపులతో గోడ తడతారు. 1975లో జాస్ సినిమాకు జాన్ విలియమ్స్ ప్రధానంగా రెండంటే రెండు స్వరాలతో సొరచేపను తయారుచేశారు. ఆ సినిమాకు చేయించిన యాంత్రిక సొరచేప మాటిమాటికీ పాడైపోయేదట. అది కనపడని చోటల్లా సంగీతమే ఈదింది. మా బాబాయి విషయంలో ఆ ఇబ్బంది లేదు, ఆయన ఎప్పుడూ పాడవ్వరు. లిఫ్టు గంట మోగగానే ఆ రెండు స్వరాలూ అందుకున్నాను. బాబాయి వచ్చారు. గోడ తట్టారు. రెండో గోడ తట్టారు. "చదరపడుగు ఎంత పడింది?" అన్నారు. చెప్పాను. "ఊరపాక్కంలో అయితే ఆ డబ్బుకు మేడే వచ్చేది" అన్నారు. కాసేపు చెవి రిక్కించి, "మీ లిఫ్టు మోటారులో ఏదో తేడా ఉందిరా అబ్బాయ్, చూపించుకోండి" అని కాఫీ తాగి వెళ్లారు.

ఇంట్లో గుర్తింపు లేదని నేను బాధపడను. సంగీత దర్శకులకు జాతీయ అవార్డు ఇవ్వడం 1967 నాటి సినిమాలతో మొదలైతే, పాటలు వేరు, నేపథ్య సంగీతం వేరు అని విడదీసి ఇచ్చే పద్ధతి స్థిరపడేసరికి 2009 నాటి సినిమాలు వచ్చేశాయి. ఆ ఏడాది మలయాళ సినిమా పళశ్శిరాజా నేపథ్య సంగీతానికి ఇళయరాజాకు వచ్చింది. భారత ప్రభుత్వానికే నలభై ఏళ్లు పైన పడితే మా ఆవిడకు ఇంకో వారం పట్టడంలో తప్పు లేదు.

ఆ వారంలోనే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "రాత్రి 8 తర్వాత డ్రిల్లింగ్ చేస్తున్నవారు దయచేసి ఆపగలరు." మా ఫ్లాట్ నంబరు వెయ్యలేదు గానీ అందరికీ తెలుసు. ఆ రాత్రి మా ఇంట్లో జరిగింది డ్రిల్లింగ్ కాదు. 2014లో ఇంటర్‌స్టెల్లర్ కోసం హాన్స్ జిమ్మర్ లండన్‌లోని టెంపుల్ చర్చిలోని ఆర్గాన్ వాద్యం వాడారు. ఆ కింది స్వరాలు చెవితో వినేవి కావు, స్లాబుతో వినేవి. ఈ విషయమే గ్రూపులో ఒక పెద్ద పేరా టైపు చేస్తుండగా బెల్ మోగింది. కింద ఫ్లాట్ పెద్దాయన. మనిషి సన్నగా, తెల్లటి పంచెలో ఉన్నారు. కోప్పడతారని అనుకుంటే, "మీరు తెలుగువాళ్లా సార్?" అని లోపలికి వచ్చి స్పీకరు ఎదుట కూర్చున్నారు.

విషయం తెలిసిన శ్రోత ఇన్నాళ్లకు దొరికాడని సంబరపడి, నేను ఆర్గాన్ ఆపి నాకు ప్రాణమైన ఒక పాత సినిమా తునక వేశాను. ఏడుపు సన్నివేశం. వయొలిన్లు ఎక్కి ఎక్కి, ఒక్కసారిగా ఆగిపోతాయి. మూడు సెకన్లు ఏమీ ఉండదు. మళ్లీ మరో రాగంలో మొదలవుతుంది. ఆ మూడు సెకన్ల గురించి నేను భోజనాల దగ్గర మావాడికి మూడు రాత్రులు చెప్పాను. అది తల్లి గుండెలోని శూన్యం అనీ, నిశ్శబ్దాన్ని వాయించడం మహానుభావులకే సాధ్యమనీ. పెద్దాయనకూ అదే చెప్పాను.

ఆయన ఓపిగ్గా విన్నారు. "ఆ రోజు హాల్లో నేనున్నాను సార్. మూడో వరసలో వయొలిన్. అప్పుడు రీరికార్డింగ్ అంటే రీలు రీలుగా వాయించేవాళ్లం. రీలు వెయ్యి అడుగులు, పదకొండు నిమిషాలు. అక్కడ రీలు అయిపోయింది. తర్వాతి రీలు మధ్యాహ్నం."

"మరి ఆ శూన్యం?"

"మధ్యలో భోజనం. ఆ రోజు సాంబారన్నం బాగుండింది."

వంటింట్లో ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడైంది. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వదిలేసిందని తర్వాత తెలిసింది. ఆవిడ కాఫీ తెచ్చి ఇస్తూ, రాత్రిళ్లు డ్రిల్లింగ్‌తో ఇబ్బంది పెడుతున్నామని క్షమాపణ చెప్పింది. "డ్రిల్లింగే అయితే బాగుండేదండీ" అని కూడా అంది. "కర్టెన్ రాడ్లు ఈపాటికి ఎక్కేవి." పద్దెనిమిది రోజులుగా మా కిటికీలకు పాత చీరలు వేలాడుతున్నాయి. పెద్దాయన కిటికీల వంక చూశారు, నా వంక చూశారు. "మా ఇంట్లో మెషీన్ ఉంది, రేపు పొద్దున తెస్తాను" అన్నారు.

పొద్దున పదింటికి వచ్చారు. గోడను చెవి ఆనించి తట్టి, ఇక్కడ రాడ్ ఉంది, ఇక్కడ డొల్ల అని పెన్సిలుతో గుర్తులు పెట్టారు. మావాడు మేకులు అందించాడు, మా ఆవిడ కొలతలు చెప్పింది. ఈ ఘట్టానికి నేను ఒకటి ఎంచి పెట్టుకున్నాను గానీ, "శబ్దం ఉంటే గోడ వినపడదు సార్" అని ఆపించేశారు. నన్ను స్టూలు పట్టుకోమన్నారు. మెషీన్ మొదలైంది. కాంక్రీటులోకి దిగేకొద్దీ దాని గొంతు మారుతోంది. ఇటుక పొడి నా తల మీద పడుతోంది.

మూడో రంధ్రం దగ్గర ఉండగా ఫోన్ మోగింది. మావాడు గ్రూపు మెసేజ్ పైకి చదివాడు. ఐదో అంతస్తు నుంచి. "304లో వస్తున్న మ్యూజిక్ ఏ సినిమాదండీ? ఇది బాగుంది."

స్టూలు వదిలే వీల్లేక జవాబు ఇవ్వలేదు.