మహారాజశ్రీ ‘మార్పులను సేవ్ చేయాలా?’ పెట్టె గారికి

మహాశయా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఉత్తరానికి మర్యాద. తమ కుశలానికి ఏనాడూ లోటు లేదు. నా కుశలం మాత్రం నిన్న సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాల వరకే ఉంది. ఆ నిమిషాన, రాసింది చాలని నేను ఫైలు మూయబోతే, తమరు కంప్యూటర్ తెర నడిమధ్యన ప్రత్యక్షమై, అతి వినయంగా ఒక ప్రశ్న అడిగారు. నేను నిజాయతీగా జవాబు చెప్పాను. మూడు గంటల పాటు రెండు చూపుడు వేళ్లతో అక్షరం అక్షరం వెతికి కొట్టిన ఒకటిన్నర పేజీ, కనురెప్ప పడేలోగా మాయమైపోయింది.

‘మార్పులను సేవ్ చేయాలా?’ అన్నారు తమరు. నేను ఏ మార్పూ చేయలేదండీ. ఖాళీ పేజీ తెరిచి, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా కొత్తగా రాశాను. ఉన్నదాన్ని దిద్దితే మార్పు అంటారు, లేనిదాన్ని పుట్టిస్తే రాయడం అంటారు. పునాది తవ్వి ఇల్లు కట్టి అప్పుడే గడప దిగుతున్నవాణ్ణి ఆపి, ‘ఇంటికి మరమ్మతులేమైనా చేయించారా?’ అని అడిగితే, లేదనే అంటాడు కదా! నేనూ అదే అన్నాను. చేయని మార్పులకు సేవ్ ఎందుకని, బుద్ధిగా ‘వద్దు’ నొక్కాను.

పక్కనే ‘రద్దు’ అని మరో బటన్ ఉన్న సంగతి నేను గమనించకపోలేదు. గమనించాను కాబట్టే దాని జోలికి పోలేదు. రద్దయిన రైలు రాదు, రద్దయిన పరీక్ష మళ్లీ రాయాలి, ఆ మాటకు నాకు తెలిసిన అర్థాలన్నీ అలాంటివే. అయితే తమరు రద్దు చేస్తామన్నది నా రాతను కాదట, మూసివేతను మాత్రమేనట! అది నొక్కి ఉంటే తమరు మారు మాట్లాడకుండా తప్పుకునేవారట, నా పేజీ నా ముందే ఉండేదట. మూడు బటన్లలో ఏ ప్రమాదమూ లేనిదానికి అంత భయంకరమైన పేరు పెట్టి, సర్వనాశనం చేసేదానికి ‘వద్దు’ అనే సాధువైన పేరు పెట్టిన తమ నామకరణ ప్రతిభకు జోహార్లు.

మా మనవరాలు వచ్చి చూసి, ‘తాతయ్యా, నువ్వు కొట్టిందంతా అప్పటిదాకా ర్యామ్‌లోనే ఉంది, డిస్కులోకి చేరనే లేదు’ అని చెప్పింది. ర్యామ్ అంటే ప్రోగ్రామ్ మూస్తే ఖాళీ అయ్యేది, కరెంటు పోతే తుడిచిపెట్టుకుపోయేది అట. డిస్కు మీద ఉన్నదానికీ తెర మీద ఉన్నదానికీ తేడా ఏదైనా ఉంటే, అది అక్షరమైనా ఆత్మకథైనా, తమ భాషలో దాని పేరు ‘మార్పు’ అట. అంటే నేను కాగితం మీద రాస్తున్నాననుకుంటూ మూడు గంటల పాటు పలక మీద రాశానన్నమాట. పలకను తుడవడానికైనా తడిగుడ్డ కావాలి.

తమ బంధుగణంతో నాకు పేచీ లేదు. రెండుసార్లు నొక్కమంటే రెండుసార్లే నొక్కినా, నడుమ ఊపిరి పీల్చుకున్న పాపానికి, ఫైలు తెరవకుండా ‘దీని పేరు మారుస్తారా?’ అన్నట్టు చూసే మౌసును క్షమించాను. కొట్టిన పాస్‌వర్డ్‌ను చుక్కల మాటున దాచేసి, ఆపైన అది తప్పని తేల్చే గడిని కూడా క్షమించాను. సేవ్‌కు గుర్తుగా మీరు నిలబెట్టిన ఆ చదరపు బొమ్మ, ఒకప్పుడు ఫైళ్లు దాచుకున్న మూడున్నర అంగుళాల ఫ్లాపీ డిస్కుదని, 1.44 మెగాబైట్లు పట్టే ఆ వస్తువును సోనీ సంస్థే 2011లో జపాన్‌లో అమ్మడం మానేసిందని తెలిశాక, కన్నుమూసినవారి ఫొటోను కాపలాకు పెట్టిన ఇల్లు ఎలా ఉంటుందో అర్థమై, దాన్నీ క్షమించాను.

తమరిని మాత్రం క్షమించలేను. ఎందుకంటే ఆ ఒకటిన్నర పేజీలో ఒక వాక్యం ఉంది. మా నాన్నగారు కలానికి సిరా పోసుకునే తీరు గురించి రాసిన వాక్యం. అరగంట పట్టింది దానికి. ఒత్తు కోసం వెతుకుతూ, వచ్చినది చెరిపేస్తూ, చివరికి ఎలా కుదరాలో అలా కుదిరింది. నిన్న రాత్రి మళ్లీ రాయబోతే విషయం వచ్చింది, సిరా వచ్చింది, నాన్నగారు వచ్చారు, ఆ వాక్యం రాలేదు.

ఇక మర్యాదలు చాలు. నిన్నే అడుగుతున్నాను. ‘ఇంతసేపూ నువ్వు రాసిందంతా పోతుంది, పోనివ్వమంటావా?’ అని ఒక్క మాట అడగడానికి నీకేం నొప్పి? నీకు చేతకాదంటే నమ్మను. ఇంటర్నెట్‌లో రాసుకునే పత్రాలు కొన్ని, ఎవరినీ ఏమీ అడగకుండా, కొట్టింది కొట్టినట్టే దాచిపెడుతున్నాయట! వాళ్లు చేయగలిగిన పని నీ గుమ్మం దగ్గర మాత్రం ప్రశ్నగా ఎందుకు మారింది? అదీ ఏమీ తెలియనివాణ్ణి, అన్నీ తెలిసినవాడి భాషలో ఎందుకు అడిగావు?

ఉద్రేకపడ్డాను, మన్నించండి. కంట్రోల్ మీద ఒక వేలు, ఎస్ మీద ఒక వేలు వేసి నొక్కితే చాలని మనవరాలు నేర్పింది. ఈ లేఖలో ప్రతి వాక్యానికీ ఒకసారి, కొన్నిచోట్ల కామాకు కూడా ఒకసారి, నేను ఆ రెండు మీటలూ నొక్కుతూనే ఉన్నాను.

కాసేపటి కిందట, రాసినంత వరకు భద్రం చేసి, పరీక్షగా ఫైలు మూశాను. తమరు రాలేదు. రావలసినవారు రాకపోతే కలిగే అనుమానం కలిగింది. తిరిగి తెరిచి చూస్తే అంతా ఉంది. అయినా మనసు నిలవక, చివరి వాక్యం తర్వాత స్పేస్ మీటను ఒక్కసారి నొక్కి, మళ్లీ మూయబోయాను. తమరు వెంటనే తెర నడిమధ్యన ప్రత్యక్షమై, మూడు గంటల నా రాతను అడిగిన ఆ గొంతుతోనే, ఆ ఖాళీ జాగాను చూపిస్తూ అడిగారు: ‘మార్పులను సేవ్ చేయాలా?’

ఇట్లు,
తమ ‘వద్దు’ బాధితుడు