వేదిక మీది ఆనందం తెరకెక్కాలంటే
కచేరీ చిత్రంలో ఉత్సాహం కనిపించాలంటే కెమెరాలు ఎక్కువ ఉండాలని, క్షణక్షణానికీ షాట్ మారాలని కచేరీల చిత్రీకరణపై వచ్చిన ఒక వ్యాసంలో వ్యాసకర్త రాసిన మాటతో నేను ఏకీభవించలేను. 1983 డిసెంబరులో హాలీవుడ్‌లోని పాంటేజెస్ థియేటర్‌లో టాకింగ్ హెడ్స్ అనే అమెరికన్ రాక్ బృందం ఇచ్చిన ప్రదర్శనలను ‘స్టాప్ మేకింగ్ సెన్స్’ అనే చిత్రంగా తీసిన దర్శకుడు జొనాథన్ డెమ్మి, ఆ బృందపు ప్రధాన గాయకుడు డేవిడ్ బర్న్ గిటారుతో ఒంటరిగా ఖాళీ వేదిక మీదికి రావడం మొదలు, ఒక్కొక్కరుగా వాద్యకారులు చేరి వేదిక నిండేవరకు, ప్రేక్షకుల ముఖాలను దాదాపు చివరిదాకా చూపకుండా, కెమెరాను కళాకారుల మీదే ఓపికగా నిలిపారు. వారు ఒకరినొకరు చూసి నవ్వుకోవడం, పాడుతూనే నిలుచున్నచోట పరుగెత్తడం మనకు తెగిపోకుండా కనిపించేది అందువల్లనే. చప్పట్లు కొట్టే జనాన్ని మాటిమాటికీ చూపితే, ఎక్కడ సంతోషించాలో మనకు ఎవరో చెబుతున్నట్టు ఉంటుంది. మన సంగీత విభావరులను చిత్రీకరించేవారు కూడా పాట నడుస్తుండగా కెమెరాను జనం మీదికి తిప్పడం తగ్గించాలని నా మనవి.