భూమికి సీలింగ్ పెట్టినోళ్లు షేర్లకు ఎందుకు పెట్టలే?

మా ఇంట్ల ఒక పాత ఇనుప సందుక ఉన్నది. అండ్ల ప్లాస్టిక్ కవర్ల చుట్టిపెట్టిన కాయితం ఒకటి, మా తాత లావణి పట్టా, అంటే భూమి ఇచ్చినట్టు సర్కారు రాసిచ్చింది. రెండెకరాల చెల్క. సీలింగ్ కింద, అంటే ఒక్కరి దగ్గర ఇంతకంటే ఎక్కువ భూమి ఉండొద్దనే చట్టం కింద, దొర దగ్గర మిగులు తేలిన భూమిల నుంచి మా తాతకు వచ్చిన వాటా అది. దొర ఏమన్న మంచి భూమి ఇడుస్తడా, గుట్ట కింద రాళ్ల భూమి చూపిచ్చిండు, ఆ రాళ్లు ఏరనీకే మా తాతకు నాయినమ్మకు మూడు ఎండకాలాలు పట్టిందట. ఆ కుప్ప ఇప్పటికీ గట్టు మీదనే ఉన్నది, దాని పొంటి సీతాఫలం చెట్లు మొలిచినయ్.

ఇదెందుకు చెప్తున్న అంటే, మొన్న ఫోన్ల మా బావతోని లొల్లి అయింది. బావ డల్లాస్‌ల ఉంటడు, సాఫ్ట్‌వేర్. నేను మాట వరసకు, ఒక్క మనిషి దగ్గర ఇంతకంటే ఎక్కువ ఉండొద్దు అని ఒక గీత ఉంటే బాగుండు బావా అన్న. అంతే. "ఏం బామ్మర్దీ, అన్నలల్ల కలిసినవా ఏంది?" అన్నడు.

అగో, ఆ గీత గీసింది నక్సలైట్ అన్నలు కాదు, అసెంబ్లీ. పీవీ నరసింహారావు సీఎంగా ఉన్నప్పుడు వచ్చిన బిల్లు, ఆయనేమన్న కూలోని కొడుకా, ఆయన కూడ భూస్వాముల ఇంటోడే. 1973 చట్టం. ఐదుగురున్న కుటుంబానికి తరి (నీళ్లు పారే భూమి) అయితే భూమి రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (వాన మీద నడిచే భూమి) అయితే 35 నుంచి 54 ఎకరాలు, అంతకు మించి ఉంటే సర్కారుకు అప్పజెప్పాలె. తర్వాత 1976ల పట్నాలకు కూడ సీలింగ్ వచ్చింది, హైదరాబాద్‌ల ఖాళీ జాగ 1000 చదరపు మీటర్లు, అంటే 1200 గజాల లెక్క. అది 2008ల ఎత్తేసిన్రు అనుకోండి, ఎందుకు ఎత్తేసిన్రో హైదరాబాద్‌ల ప్లాట్ల రేట్లు చూసినోళ్లకు నేను చెప్పనక్కర లేదు. పొలం సీలింగ్ మాత్రం ఇయ్యాల్టికీ పుస్తకంల ఉన్నది.

అంటే లెక్క ఏంది? దుక్కి దున్నెటోనికి 54 ఎకరాల కాడ గీత. షేర్లు, కంపెనీలు ఉన్నోనికి గీత లేదు, అసలు ఆ మాట ఎత్తితేనే దేశద్రోహం. 1957ల సంపద పన్ను అని ఒకటి పెట్టిన్రు, 2015ల తీసేసిన్రు. ఉన్నన్ని రోజులు కూడ తమాషా చూడండి, చివరి ఇరవై ఏండ్లు అండ్ల బంగారం లెక్కకు వస్తది, కారు వస్తది, ఖాళీ ప్లాట్ వస్తది, షేర్లు మాత్రం రావు! అసలు పెద్దోళ్ల సంపద ఉండేదే షేర్లల్ల. ఇగ వసూలు ఎంత, 2013-14ల దేశం మొత్తం మీద 1008 కోట్లు. ఏం రాకపాయె, దండగ అని తీసేసిన్రు. తూట్ల బుట్టతోని నీళ్లు తోడి, బాయిల నీళ్లు లేవు అన్నట్టు.

లక్ష కోట్లు అంటే ఎంతనో మనకు నిజంగ తెల్వది, నోటికి మాత్రం మస్తు ఈజీగ వస్తది. రోజుకో కోటి చొప్పున ఖర్చు పెడితే అయిపోనీకె దాదాపు 274 ఏండ్లు పడ్తది. అదీ ఇంట్ల పెట్టుకుంటే. బ్యాంకుల ఏడు శాతానికి ఎఫ్‌డీ వేస్తే రోజుకు 19 కోట్ల మిత్తి, నువ్వు ఒక కోటి తగలేస్తే పొద్దుగాల్ల వరకు ఇంకో 18 కోట్లు కుప్ప మీద వచ్చి పడ్తయ్. మన దేశంల ఫోర్బ్స్ లిస్టుల పైన ఉన్నోళ్లకు ఇసొంటి లక్ష కోట్లు ఒకటి కాదు, చానా ఉన్నయ్. ఇది ఇగ పైసలు కాదు, తినేటందుకో పండేటందుకో కాదు, వేరే ఏదో. ఏ చట్టం ఎట్ల ఉండాలె, ఏ టీవీల ఏం రావాలె, ఏ పార్టీకి చందా పోవాలె, అది.

"పాపం చానా సింపుల్‌గ ఉంటడు తెలుసా" అని ఒకడు కచ్చితంగ అంటడు. మనకు ఈ సింపుల్ కథ కొత్తదా? ఏడో నిజాం 1937ల టైమ్ మ్యాగజైన్ కవర్ మీదికి ఎక్కిండు, లోకంల అందరికంటే ధనవంతుడు అని. జాకబ్ వజ్రాన్ని కాయితాల మీద బరువుకు పెట్టుకునేటోడు, వేసుకునేది మాత్రం మాసిన టోపీ, తాగేది చార్మినార్ సిగరెట్ అంటరు. మంచిదే. అదే రాజ్యంల ఊర్లల్ల మనోళ్లు దొరల గడీలల్ల వెట్టి చేసిన్రు. ఆయన టోపీ పాతదైతే మా తాతకు ఏమొచ్చింది?

ఇంకొకరు, వాళ్లే దానం చేస్తరు కదా అంటరు. దానం సంగతి కూడ మన దగ్గరనే మొదలైంది సారూ. 1951 ఏప్రిల్ 18, పోచంపల్లి, గాంధీ శిష్యుడు వినోబా భావే భూమి లేనోళ్ల కోసం 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చిండు. ఆయన ఇచ్చుడు గొప్పదే, దండం పెడ్త. కని అట్ల దానంల వచ్చిన భూదాన్ భూముల మీద హైదరాబాద్ చుట్టుపక్కల కేసులు ఇప్పటికీ నడుస్తనే ఉన్నయ్. దానం ఇచ్చినోని పేరు మిగిలింది, భూమి ఎవని చేతిలకు పోయిందో కోర్టు చెప్పాలె.

సీలింగ్ మాత్రం ఏం సక్కగ నడిచింది అని అడగండి, అడగాలె. నడవలే. జీతగాళ్ల పేర్ల మీద పట్టాలు, కాయితాల మీద విడాకులు, పుట్టకముందే దత్తత పిల్లలు, అన్నీ చేసిన్రు. మా ఊర్లె దొరకు మిగులు తేలింది ఆ రాళ్ల గుట్టనే, చెరువు కింది తరి ఒక్క గుంట పోలే. కని అప్పుడు పట్వారీ గొలుసు పట్టి కొలిచేది, ఆయన ఏం రాస్తే అదే. ఇప్పుడు షేర్లన్నీ డీమ్యాట్‌ల, అంటే కంప్యూటర్ ఖాతాలల్ల ఉన్నయ్, పాన్ నంబర్ ఉన్నది, పొద్దుమూకె వరకు ధర కూడ తెలుస్తది. దాసుకునేటోడు ట్రస్టుల్ల, దుబాయ్‌ల దాసుకుంటడు, నిజమే. అట్లని ఇన్‌కమ్ ట్యాక్స్ బంద్ పెట్టినమా? జీతం రాకముందే మనకు కోత పడ్తనే ఉన్నది.

నేనేం గుంజుకోమంటలే. సచ్చినాక కొడుకుకు పొయ్యేదాంట్ల కొంత ఆపండి అంటున్న. అది కూడ మన దేశంల ఉండె. 1953 నుంచి 1985 దాక ఎస్టేట్ డ్యూటీ, పై మెట్టుల 85 శాతం దాక. ఏడాదికి 20 కోట్లే వస్తున్నయ్ అని అప్పటి ఆర్థిక మంత్రి వీపీ సింగ్ ఎత్తేసిండు. 2024 ఎలక్షన్ల కాంగ్రెస్ నాయకుడు శామ్ పిట్రోడా అమెరికాల ఇసొంటి పన్ను ఉన్నది అని ఒక్క మాట అంటే, వాళ్ల కాంగ్రెసోళ్లే మాకేం సంబంధం లేదని ఉరికిన్రు. ఆ ఎండకాలం మా ఊర్లె ఎకరంన్నర ఉన్న మనిషి గూడ నా భూమి పోతదా అని నన్ను అడిగిండు!

బావకు ఇదే చెప్పిన. నువ్వు ఉండే దేశంలనే ఎస్టేట్ ట్యాక్స్ 40 శాతం ఉన్నది కదా, అక్కడ నువ్వేం కొట్లాడుతలేవు కదా అని. "అది కోటి డాలర్ల కంటే చానా ఎక్కువ ఉన్నోళ్లకురా, మనసొంటోళ్లకు కాదు" అన్నడు. మరి ఇక్కడ కూడ మనసొంటోళ్లకు కాదు అనే నేను చెప్పేది.

బావ కొంచెం సేపు ఏం మాట్లాడలే. వెనుకకెళ్లి అక్క అన్నానికి పిలుస్తున్నది. సరే బావా, నీ లెక్కల ఒక మనిషికి ఎంత ఉంటే చాలు, ఒక్క నంబర్ చెప్పు అన్న.

"వంద కోట్లు చాలదారా ఎవనికైన?"

నేను మనసుల వెయ్యి కోట్లు అనుకొని ఉన్న.