బ్రోచరు గారికి, కొలతల టేపు పక్షం నుంచి

మహారాజశ్రీ వంటింటి సామాన్ల బ్రోచరు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ఉభయులంటే మీరూ, మీ కాగితపు నిగనిగానూ. కొత్త వంటిల్లు కట్టుకుంటున్నవాళ్ల కుశలం అంత బాగాలేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు చిమ్నీ సంగతి తేల్చుకుందాం. ‘గంటకు 1400 ఘనపు మీటర్లు’ అని అట్ట మీద అరచేయంత అక్షరాల్లో అచ్చేశారు. 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, 2.8 మీటర్ల ఎత్తున్న వంటింట్లో ఉన్న గాలే 21 ఘనపు మీటర్లు. దాన్ని గంటకు పదిసార్లు మార్చినా 210. నూనె పొగ ఎక్కువొచ్చే వంటలకి మూడింతలు వేసుకోమన్నా 630 దగ్గర ఆగుతుంది. మిగతాది ఎక్కణ్ణుంచి లాగుతారండీ, పక్కింట్లోంచా?

పోనీ ఆ 1400 అయినా దక్కుతుందా? చాలాసార్లు అది గొట్టం తగిలించకముందు కొలిచిన అంకె. చిమ్నీ నోరు 150 మిల్లీమీటర్లు. గోడకి అప్పటికే 100 మిల్లీమీటర్ల కన్నం కొట్టేసి ఉంటారు. ‘మూడో వంతేగా తగ్గింది’ అనుకుంటారు పాపం. కానీ గాలి నడిచే దారి 177 చదరపు సెంటీమీటర్ల నుంచి 79కి పడిపోతుంది, అంటే సగం కూడా మిగలదు. దానికి ముడతల గొట్టం, రెండు మోచేతి వంపులు తోడైతే మూలిగే నక్క మీద తాటిపండే. మోటారు పాపం గింజుకుంటుంది, పొగ పొయ్యి మీదే తచ్చాడుతుంది, చప్పుడు మాత్రం ఇల్లంతా తిరుగుతుంది. అన్నట్టు, మీరు గొప్పగా వేసిన ఆ తక్కువ డెసిబెల్లు మొదటి స్పీడువి, పీల్పు అంకేమో చివరి స్పీడుది. రెంటినీ ఒకే వరసలో పక్కపక్కన కూర్చోబెట్టిన మీ చాతుర్యానికి దండం. పది డెసిబెల్లు పెరిగితే చెవికి మోత రెట్టింపైనట్టు ఉంటుందని ఏ మూలనా రాయరేం?

కన్నం 150 ఉండాలనీ, గొట్టం నున్నగా, పొట్టిగా, వీలైతే ఒక్క వంపుతో బయటికి పోవాలనీ, గ్యాసు పొయ్యికి సుమారు 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తున బిగించాలనీ మీలో ఎక్కడుంది? కిటికీ తలుపులన్నీ బిడాయిస్తే లోపలికి గాలి రాదు, రాని గాలిని బయటికి తోయడం ఏ మోటారు తరమూ కాదు. ఇక ‘గొట్టమే అక్కర్లేని’ మోడలంటారా, అందులో బొగ్గు ఫిల్టరు వాసనని కాస్త పట్టుకుంటుంది. ఆవిరినీ వేడినీ మాత్రం తిప్పి మన మొహానే కొడుతుంది. ఆ ఫిల్టరుని కొన్ని నెలలకోసారి మార్చాలన్న ముక్క మీ ఆఖరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది.

ఫ్రిజ్ బొమ్మలో తలుపు బార్లా తెరిచి ఉంటుంది. బొమ్మకేం, పక్కన గోడ లేదుగా! గోడ వారగా పెడితే తలుపు 90 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. చాలా మోడళ్లలో లోపలి సొరుగులు పూర్తిగా రావాలంటే అంతకన్నా ఎక్కువ తెరుచుకోవాలి. గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య చిన్న చెక్కపట్టీ వేయాలి, లేదా తలుపు బందుల్ని రెండోవైపుకి మార్చాలి. వడ్రంగి గూడు బిగించాక తెలిస్తే రెండూ కష్టమే. ఆ గూట్లో కింద గాలి దూరేందుకూ, పైన పోయేందుకూ దారి వదలకపోతే ఫ్రిజ్ తన వేడిలో తానే ఉడుకుతూ కంప్రెసర్‌ని ఊపిరి తీసుకోనివ్వదు. రంగుల గురించి రెండు పేజీలు రాశారే, లోపలి చీటీ మీద ఉండే వాతావరణ తరగతి గురించి ఒక్క వాక్యం రాయకూడదా? ‘ఎన్’ అంటే గది వేడి 32 డిగ్రీల వరకు, ‘ఎస్‌టీ’ అంటే 38, ‘టీ’ అంటే 43. ఎండలు మండే చోట కొనేవాళ్లు చూడాల్సిన అక్షరం అదీ.

డిష్‌వాషర్‌కి ‘14 మంది సామాను’ అన్నారు. పళ్లేలూ గ్లాసులూ చెంచాలూ కవాతులో నిలబడ్డట్టు నిలబడితే ఆ లెక్క. ఒక్క పెద్ద గిన్నె దిగిందంటే నలుగురైదుగురు లేచి చోటివ్వాల్సిందే. నీళ్ల ఒత్తిడి మాటేమిటి? ఒత్తిడిని బార్లలో కొలుస్తారు, 10 మీటర్ల ఎత్తు నీటికి సుమారు ఒక బార్. ట్యాంకు యంత్రానికి 3 మీటర్ల ఎత్తులో మాత్రమే ఉంటే వచ్చేది 0.3 బార్. కనీసం 0.5 అడిగే యంత్రాన్ని అక్కడ పెడితే నీళ్లు నిండక తప్పుల కోడ్ చూపిస్తూ కూర్చుంటుంది. కొనకముందు మాన్యువల్లో ఆ ఒక్క అంకె వెతకాలి. నీళ్లొచ్చే కొళాయి, మురుగు పోయే గొట్టం యంత్రం వెనక కాదు, పక్కన సింకు కింద ఉండాలి. మురుగు గొట్టాన్ని వంటగట్టు అడుగుదాకా ఎత్తి వంచి దించకపోతే సింకు నీళ్లు తిరిగి లోపలికే విచ్చేస్తాయి.

ఓవెన్‌దీ అదే గోల. వెనకే ప్లగ్గు పెడితే ఆ ప్లగ్గు మందమంత ముందుకి పొడుచుకొస్తుంది. పాయింటు పక్క అరలో ఉంటే పీడా పోతుంది.

ఇండక్షన్ పొయ్యికి 7.2 కిలోవాట్లని రాశారు. 230 వోల్టుల మీద అది 31 ఆంపియర్ల పైమాటే, ప్రత్యేకంగా లావు వైరు, దాని సొంత బ్రేకరు కావాలి. గోడలకి పూత పడ్డాక ఈ కబురు చేరితే, మళ్లీ గోడ తవ్వడమే. మైక్రోవేవ్‌కి 800 వాట్లంటారు, అది వంటకి చేరేది. గోడలోంచి లాగేది ఇంకా ఎక్కువ.

అయ్యా, మాది ఒక్కటే మనవి. మీ చివరి పేజీలో గీతల బొమ్మ ఒకటుంటుంది, గూడు లోతు, గాలి దారి, గొట్టం వ్యాసం, కరెంటు పాయింటు చోటు చూపించేది. దాన్ని తెచ్చి మొదటి పేజీలో వేయండి. నవ్వుతూ నిలబడ్డ ఆ మనిషి బొమ్మ వెనక్కి వెళ్తే వచ్చిన నష్టమేమీ లేదు. మోడల్ నంబర్లు ముందు ఖాయం చేసి, ఆ బొమ్మలు వడ్రంగికీ కరెంటు మేస్త్రీకీ ప్లంబరుకీ ఒకేరోజు ఇస్తే సగం గొడవలు పుట్టవు.

ఇట్లు,
టేపు పట్టుకుని మధ్యలో నిలబడ్డవాళ్లు

తా.క.: పొయ్యి పెట్టె ఇంటికి రాకముందే మీ అంకెలు నమ్మి గట్టు రాయి కోయించకండని కూడా ఒక ముక్క వేయండి. నంబరు చివర ఒక్క అక్షరం మారినా కోత కొలత మారవచ్చు. చిన్నగా కోసిన కన్నాన్ని పెద్దది చేయొచ్చు, పెద్దగా కోసినదాన్ని చిన్నది చేయలేం.